గ్యారంటీ బుకింగులో క్యాబిన్ నంబరు ఇంకా రాలేదు: ఓడ ఓవర్‌బుక్ అయినట్టేనా?

తెరచాప అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక లగ్జరీ క్రూయిజ్‌లో నేనూ నా భార్యా బాల్కనీ సూట్‌ను గ్యారంటీ పద్ధతిలో బుక్ చేసుకున్నాము. అంటే సూట్ తరగతి మాత్రమే ఖరారైంది. ఏ డెక్‌లో ఏ నంబరు అన్నది కంపెనీ తర్వాత చెబుతుంది. మా అమ్మానాన్నలు అదే ఓడలో వేరే బుకింగ్ మీద వస్తున్నారు. నాన్నగారు చేతికర్ర లేకుండా నడవలేరు కాబట్టి, వారికి మాత్రం కొంత ఎక్కువ చెల్లించి, లిఫ్టుకు దగ్గరగా ఉన్న సూట్‌ను నంబరుతో సహా ఎంచుకున్నాము.

పూర్తి సొమ్ము కట్టవలసిన గడువు దాటి చాలా రోజులైంది, ప్రయాణం దగ్గర పడుతోంది, అయినా మా బుకింగ్ పేజీలో నంబరు ఉండవలసిన చోట ఇప్పటికీ ‘గ్యారంటీ’ అనే మాటే ఉంది. ఈలోగా కంపెనీ వెబ్‌సైటులో మా తరగతికి ఎదురుగా ‘అమ్ముడైపోయింది’ అని కనిపించడం మొదలైంది. దాని వెనుకే ఒక ఈమెయిల్ వచ్చింది. ఈ ప్రయాణానికి గిరాకీ ఎక్కువగా ఉందని, మేము వేరే తేదీకి మారడానికి ఒప్పుకుంటే ఛార్జీలో కొంత తగ్గించి, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి క్రెడిట్ కూడా ఇస్తామని దాని సారాంశం.

నంబరు రాకపోవడం, అమ్మకం ఆగిపోవడం, ఈ ఈమెయిల్ రావడం, మూడూ కలిపి చూస్తే ఉన్న సూట్ల కంటే ఎక్కువ అమ్మేశారని అనిపిస్తోంది. నంబరు లేనివాళ్లం మేమే కాబట్టి, చోటు చాలకపోతే ముందు మమ్మల్నే రేవులో ఆపేస్తారా? పెద్దవాళ్లు ఓడ ఎక్కి మేము ఒడ్డున మిగిలిపోయే పరిస్థితి వస్తుందేమోనన్నదే నా అసలు బెంగ. తెలిసినవారు వివరించగలరు.

తీరరేఖ

తెరచాప గారూ, క్రూయిజ్ బుకింగులు చూసే ఏజెన్సీలో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి తెర వెనుక జరిగే పని గురించి కొంత చెప్పగలను. మీరు ఒకటిగా చూస్తున్న రెండు విషయాలను ముందు విడదీయాలి. ఒక తరగతిలో ఉన్న సూట్ల కంటే ఎక్కువ అమ్మడం వేరు, మొత్తం ఓడలో ఉన్న సూట్ల కంటే ఎక్కువ అమ్మడం వేరు. మొదటిది కంపెనీలు తెలిసి, లెక్క వేసుకుని చేసే పని. దానివల్ల ప్రయాణికుడికి సాధారణంగా నష్టం ఉండదు. మీరు భయపడుతున్నది రెండోదాని గురించి.

ఉదాహరణకు, అన్నిటికంటే తక్కువ ధర గల బాల్కనీ తరగతిలో నలభై సూట్లు ఉన్నాయనుకుందాం. వాటికి గిరాకీ ఎక్కువగా ఉండి, పై తరగతి సూట్లు నిండకపోతే, కంపెనీ కింది తరగతిలోనే యాభై గ్యారంటీ బుకింగులు తీసుకుంటుంది. ఆ అదనపు పది మందిని చివర్లో పై తరగతికి పంపుతుంది. పైన ఖాళీగా పోయే సూట్ నిండుతుంది, కింద మరొకరికి అమ్మడానికి చోటు దొరుకుతుంది. గ్యారంటీ అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థం ఇదే: మీరు చెల్లించిన తరగతి కంటే కిందికి దించరు, పైకి పంపితే పంపవచ్చు. మీ తరగతి ‘అమ్ముడైపోయింది’ అని చూపడం ఆ తరగతిలో అమ్మకం ఆపారనడానికి మాత్రమే గుర్తు. ఓడ పొంగిపొర్లుతోందనడానికి అది రుజువు కాదు.

ఇక నంబరు ఎందుకు ఆలస్యమవుతుందంటే, ఎక్కడికైనా జరపగలిగిన ప్రయాణికులు గ్యారంటీవారే కాబట్టి, వారిని ఎంత ఆలస్యంగా సర్దితే కంపెనీకి అంత వెసులుబాటు. పూర్తి సొమ్ము కట్టే గడువు చాలా కంపెనీల్లో ప్రయాణానికి 90 రోజుల ముందు ఉంటుంది. లగ్జరీ కంపెనీల్లో అది 120 రోజులు, కొన్ని చోట్ల ఇంకా ముందే. ఆ గడువు దగ్గర కొందరు రద్దు చేసుకుంటారు. బృందాల కోసం ఏజెన్సీలు పట్టి ఉంచిన సూట్లలో అమ్ముడుకానివి తిరిగి కంపెనీకి వస్తాయి. ముగ్గురు పట్టే సూట్లు కొన్నే ఉంటాయి కాబట్టి వాటిని మూడో మనిషి ఉన్న కుటుంబాల కోసం అట్టిపెడతారు. చక్రాల కుర్చీతో తిరగడానికి వీలుగా కట్టిన సూట్లను నిజంగా అవసరమైనవారి కోసం చివరివరకు ఆపుతారు. వీటికి తోడు ఈమధ్య చాలా కంపెనీలు అప్‌గ్రేడ్ కోసం ప్రయాణికుల చేత వేలం పాడిస్తున్నాయి. వేలంలో గెలిచినవారు పైకి వెళ్తే కింద ఖాళీ అయ్యే సూట్లు మళ్లీ లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ తేలాకనే గ్యారంటీ జాబితాకు నంబర్లు పడతాయి. కొందరికి నెలల ముందే వస్తాయి, కొందరికి చివరి వారంలో వస్తాయి, అరుదుగా టెర్మినల్‌లో చెక్-ఇన్ బల్ల దగ్గరే చేతికి అందుతాయి. రోజూ ఫోన్ చేసి అడిగినా ఇది ముందుకు జరగదు. ఈ పని చేసేది కంపెనీలో ఆదాయం లెక్కలు చూసే విభాగం, ఫోన్ ఎత్తేవారికి అందులో చెయ్యి లేదు.

గ్యారంటీలో అసలు పణం పెట్టేది సూట్ ఉండే చోటును. ముందువైపు చివరన పడితే అలల ఊపు ఎక్కువగా తెలుస్తుంది; రేవుకు చేరే ఉదయాల్లో ఓడను పక్కకు జరిపే థ్రస్టర్ల మోత, లంగరు గొలుసు దించే చప్పుడు నిద్ర లేపుతాయి. ఈత కొలను డెక్‌కు సరిగ్గా కింద పడితే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే శబ్దం వినిపిస్తుంది. పక్క సూట్‌లోకి తలుపు ఉన్నదైతే పక్కవారి మాటలు వినపడవచ్చు. అన్నీ సూట్లే, దాదాపు అన్నిటికీ బాల్కనీలే ఉండే లగ్జరీ ఓడల్లో కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడే బాధ పెద్ద ఓడలతో పోలిస్తే తక్కువే. ఏ నంబరు వచ్చినా మార్చమని అడిగే హక్కు మాత్రం ఈ ఛార్జీలో ఉండదు.

లంగరు

తీరరేఖ గారు చెప్పిన విభజన సరైనదే. ఆ రెండో రకం గురించి, అంటే ఓడ మొత్తం మీద ఎక్కువ అమ్మడం గురించి నేను రాస్తాను. నౌకా ప్రయాణాల ఒప్పందాలను చదవడం నా వృత్తిలో భాగం.

ఓడ నిండిందని చెప్పే అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. ఈ పరిశ్రమలో ఒక్కో క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున లెక్కగట్టి దాన్ని నూరు శాతం అంటారు. మూడో, నాలుగో పడకల్లో పిల్లలో స్నేహితులో చేరితే ఆ అంకె నూరు దాటుతుంది. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ ఇద్దరి లెక్కన 5,610 మందిని, గరిష్ఠంగా 7,600 మందిని తీసుకువెళ్లగలదు. కాబట్టి ఒక కంపెనీ తన ఓడలు నూరు శాతానికి మించి నిండాయని ప్రకటిస్తే, అది ఓవర్‌బుకింగ్ గురించిన ఒప్పుకోలు కాదు. అసలు హద్దు మరొకటి ఉంది. టైటానిక్ ప్రమాదం తర్వాత 1914లో పుట్టి, ఇప్పుడు 1974 నాటి రూపంలో అమలవుతున్న సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం ప్రతి ప్రయాణికుల నౌకకూ ఒక భద్రతా ధ్రువపత్రం ఉంటుంది; ఎంతమందిని ఎక్కించుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. లైఫ్‌బోట్లు, తెప్పలు ఆ సంఖ్యకు తగ్గట్టే ఉంటాయి. ఆ సంఖ్యకు మించి ఒక్కరిని కూడా ‘సర్దుకుని’ తీసుకువెళ్లడం కుదరదు. క్యాబిన్లు ఖాళీగా ఉన్నా మూడో మనిషికి బుకింగ్ దొరకకపోవడానికి కూడా ఒక్కోసారి ఇదే కారణం: ఓడలో ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్లలో చోటు నిండిపోయి ఉంటుంది.

చిన్న లగ్జరీ ఓడలకు మరో ఇబ్బంది ఉంది. 2017లో వచ్చిన ‘సిల్వర్ మ్యూజ్’ వంటి ఓడ సుమారు 600 మందికి సరిపోతుంది. వేల క్యాబిన్లు ఉన్న ఓడలో చివరి నిమిషపు రద్దులు ఎన్ని ఉంటాయో అంచనా వేయడం తేలిక, లెక్క కొంచెం తప్పినా సర్దడానికి చోట్లు ఎక్కువ. మూడు వందల సూట్ల ఓడలో రెండు సూట్లలో నీళ్లు కారినా, ఎయిర్ కండిషనర్ చెడినా, ప్రయాణికులను మార్చడానికి మిగిలేవి చాలా తక్కువ. అందుకే ఇటువంటి కంపెనీలు ఎక్కువ అమ్మే విషయంలో జాగ్రత్తగా ఉంటాయి. ఇబ్బంది వచ్చిందంటే మాత్రం అది ఎవరో ఒకరి సెలవు మొత్తాన్ని తాకుతుంది. లగ్జరీ రంగంలో బుకింగులు కోల్పోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఓవర్‌బుకింగ్ కూడా కాదు. ఎవరైనా ఓడ మొత్తాన్ని చార్టర్‌కు తీసుకుంటే, అప్పటికే బుక్ చేసుకున్న అందరినీ ఒకేసారి వేరే తేదీలకు జరుపుతారు.

చట్టం సంగతికి వస్తే, విమాన ప్రయాణికులకు ఉన్న రక్షణ ఇక్కడా ఉందనుకోవడం పొరపాటు. యూరప్‌లో విమానం ఓవర్‌బుక్ అయి ఎక్కనివ్వకపోతే 2004 నాటి 261 నంబరు నియమావళి దూరాన్ని బట్టి ఇంత పరిహారం అని చెబుతుంది. క్రూయిజ్‌కు అలా ముందే నిర్ణయించిన మొత్తం ఏదీ లేదు. 2013లో అంతర్జాతీయ క్రూయిజ్ సంస్థల సంఘం ప్రకటించిన ప్రయాణికుల హక్కుల పత్రంలో పది అంశాలు ఉన్నా ఓవర్‌బుకింగ్ ఊసు లేదు. అమెరికాలో 2022 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నిబంధన కూడా ప్రయాణం రద్దయినప్పుడు, లేదా మూడు రోజులో అంతకంటే ఎక్కువో ఆలస్యమై ప్రయాణికుడు వద్దనుకున్నప్పుడు సొమ్ము తిరిగి ఇప్పించడం గురించే మాట్లాడుతుంది. కొంత మెరుగైన స్థితి యూరోపియన్ యూనియన్‌లో కొన్నవారిది. 2015 నాటి ప్యాకేజీ ప్రయాణాల ఆదేశం క్రూయిజ్‌ను ప్యాకేజీగానే చూస్తుంది. ముఖ్యమైన అంశాన్ని గణనీయంగా మారిస్తే, ప్రయాణికుడు రుసుము లేకుండా ఒప్పందాన్ని రద్దు చేసుకుని 14 రోజుల్లో సొమ్ము వెనక్కి పొందవచ్చు.

మిగిలినదంతా టికెట్ ఒప్పందమే. అందులో క్యాబిన్ మార్చే హక్కు, సొమ్ము తిరిగి ఇచ్చి బుకింగ్ రద్దు చేసే హక్కు కంపెనీకి ఉన్నట్టు సాధారణంగా రాసుకుంటారు. దావా ఏ ఊరి కోర్టులో వేయాలో కూడా రాసుకుంటారు. టికెట్‌పై అచ్చయిన ఆ షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1991లో కార్నివాల్ వర్సెస్ షూట్ కేసులో తేల్చింది. అందువల్ల మీ ఒప్పందంలో ‘వసతి మార్పు’, ‘రద్దు’ అన్న శీర్షికల కింద ఏముందో ఒకసారి చదవండి. చదవడానికి విసుగే, అయినా మీ ప్రశ్నకు కచ్చితమైన సమాధానం దొరికేది అక్కడే.

దీపస్తంభం

పై ఇద్దరూ చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. తెరచాప గారు మాత్రం తప్పు బుకింగ్ గురించి బెంగ పెట్టుకున్నారని నా అభిప్రాయం. నంబరు లేని మీరు ఎటు జరిగినా మీకు పెద్ద నష్టం లేదు. నంబరు ఉన్న మీ నాన్నగారి సూట్ మారితే నష్టం. చేతిలో నంబరు ఉంది కదా అని దాన్ని పత్రం రాసిచ్చిన ఆస్తిలా చూడకండి. ఎంచుకున్న నంబరును కూడా కంపెనీ మార్చవచ్చు. పై తరగతికి ఉచితంగా పంపుతున్నామన్న శుభవార్త రూపంలోనే ఆ మార్పు తరచుగా వస్తుంది. లిఫ్టుకు రెండడుగుల దూరంలో ఉన్న సూట్ పోయి, పొడవాటి నడవా చివరన ఇంకా పెద్ద సూట్ వస్తే, నడవలేని మనిషికి అది వరమా?

ఆ బుకింగ్‌పై ‘అప్‌గ్రేడ్ వద్దు’ అన్న గుర్తు పెట్టించండి. ఏజెంటు ఒక్క నిమిషంలో చేయగల పని అది. నడకలో ఇబ్బంది ఉందన్న సంగతిని కంపెనీ వారి ప్రత్యేక అవసరాల పత్రంలో రాతపూర్వకంగా చేర్చండి. ఫోన్‌లో చెప్పినది బుకింగ్‌లో చేరిందో లేదో మీకు తెలియదు.

తెరచాప

అందరికీ ధన్యవాదాలు. తరగతిలో ఎక్కువ అమ్మడానికీ ఓడలో ఎక్కువ అమ్మడానికీ ఉన్న తేడా ఇప్పటివరకు ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు. దీపస్తంభం గారు చెప్పినట్టే ఏజెంటుకు రాశాను. ఆయన చూసి చెప్పినదేమిటంటే, మా రెండు బుకింగులూ ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టుగా విడివిడిగా ఉన్నాయట. తేదీ మార్చుకోమన్న ఈమెయిల్ మాకు మాత్రమే వచ్చిందని, అమ్మానాన్నలకు రాలేదని కూడా అప్పుడే తెలిసింది. ఆ ఈమెయిల్‌కు సమాధానం ఇవ్వకపోతే ఏమవుతుంది? ఒకవేళ ఒప్పుకుంటే దేని గురించి ఆలోచించాలి? తగ్గింపు చూస్తే నిజానికి మనసు కాస్త అటు లాగుతోంది.

తీరరేఖ

రెండు బుకింగులు ముడిపడి లేవంటే, కంపెనీ దృష్టిలో మీరు నలుగురూ కలిసి ప్రయాణిస్తున్నవారు కారు. ముందు ఆ ముడి వేయించండి. కలిసి ప్రయాణిస్తున్నారని రెండు బుకింగుల్లోనూ ఒకదాని నంబరు మరొకదానిలో నమోదు చేస్తారు. నంబర్లు కేటాయించేటప్పుడు దగ్గర దగ్గరగా వేయడానికి అది కొంత పనికివస్తుంది, హామీ కాకపోయినా. ఒక జంటను వేరే తేదీకి జరిపే ఆలోచన వచ్చినప్పుడు రెండో జంట కూడా ఉందని తెరపై కనిపించడం అంతకంటే ముఖ్యం.

మీకు వచ్చినది స్వచ్ఛందంగా మారేవారి కోసం పంపే ఈమెయిల్. దానికి సమాధానం ఇవ్వకపోతే మీ బుకింగ్ ఉన్నట్టే ఉంటుంది. ఇటువంటి ఈమెయిళ్లు ఓడ నిజంగా ఎక్కువ అమ్ముడైనప్పుడే వస్తాయని చెప్పలేము. ఒక పెద్ద బృందం ఎక్కువ సూట్లు అడిగినప్పుడు, కొన్ని సూట్లు మరమ్మతుకు తీయవలసి వచ్చినప్పుడు కూడా పంపుతారు. కావలసినంతమంది ఒప్పుకోగానే ఆ అవకాశాన్ని మూసేస్తారు. కాబట్టి ‘సరే’ అన్నంత మాత్రాన మారినట్టు కాదు, వారు తిరిగి ఖరారు చేయాలి. ఆ ఖరారు రాకముందే విమాన టికెట్లు రద్దు చేసుకుని రెంటికీ చెడినవారిని చూశాను.

లెక్క వేయవలసింది తగ్గింపు ఒక్కటే కాదు. కొత్త తేదీకి విమాన ఛార్జీల తేడా ఎవరు భరిస్తారు, ప్రయాణానికి ముందు రోజు హోటల్ గది సొమ్ము పోతే ఎవరిస్తారు, వీసా తేదీలు కొత్త ప్రయాణానికి సరిపోతాయా, ప్రయాణ బీమాను కొత్త తేదీకి మార్చవచ్చా, కొత్త ఓడలో ఇచ్చేది అదే తరగతా లేక ‘సమానమైనది’ అని చెబుతున్నదా, ఇవన్నీ రాతలో తెప్పించుకోండి. ఓడలో వాడుకునే క్రెడిట్‌ను సొమ్ముతో సమానంగా చూడకండి. పానీయాలు, సిబ్బందికి ఇచ్చే టిప్పులు, చాలా విహారాలు ఛార్జీలోనే కలిసి ఉండే లగ్జరీ ఓడల్లో ఆ క్రెడిట్‌ను ఖర్చు పెట్టడానికి స్పా, దుకాణం తప్ప పెద్దగా దారులుండవు. మిగిలినది చాలాసార్లు వెనక్కి రాదు. ఛార్జీలోంచి తిరిగి ఇచ్చే భాగం ఎంతన్నదే చూడవలసిన అంకె. మీ విషయంలోనైతే నాన్నగారి సూట్‌కు సాటివచ్చే సూట్, లిఫ్టు దగ్గరే, కొత్త తేదీలో దొరికి, దాని నంబరు ముందే రాసిస్తే తప్ప నేను ఒప్పుకోను.

లంగరు

ఒక చిన్న చేర్పు. ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే, ఇక ఏ ఇతర పరిహారమూ కోరనని అందులో ఒక వాక్యం ఉండే అవకాశం ఎక్కువ. సంతకం పెట్టే ముందు దాన్ని చూడండి. బీమా కూడా ‘ప్రయాణికుడు తానే మార్చుకున్నాడు’ అన్న కారణంతో తప్పుకోవచ్చు.

చివరి నిమిషంలో నిజంగానే చోటు లేకపోతే, తర్వాతి రేవులో ఎక్కమన్న ప్రతిపాదన వస్తుందేమోనని కొందరు అనుకుంటారు. అన్ని మార్గాల్లో అది సాధ్యం కాదు. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల సేవా చట్టం వల్ల, విదేశీ జెండా గల, అంటే వేరే దేశంలో నమోదైన ఓడ ఒక అమెరికన్ రేవులో ఎక్కించుకున్న మనిషిని, దూరపు విదేశీ రేవును తాకకుండా, మరో అమెరికన్ రేవులో దించకూడదు. క్రూయిజ్ ఓడల్లో చాలా భాగం విదేశీ జెండాలవే. అందుకని మధ్యలో ఎక్కడం, దిగడం వంటివి మీ మార్గంలో కుదురుతాయో లేదో ముందు కంపెనీని అడిగాకే అటువైపు విమాన టికెట్ల గురించి ఆలోచించండి.

తెరచాప

ఈరోజు రెండు బుకింగులూ ముడివేయించాను. నాన్నగారి బుకింగ్‌పై ‘అప్‌గ్రేడ్ వద్దు’ అన్న గుర్తు, నడక ఇబ్బంది పత్రం రెండూ చేరినట్టు కంపెనీ నుంచి రాతపూర్వకంగా వచ్చింది. కొత్త తేదీలో లిఫ్టు పక్క సూట్ ఏదీ ఖాళీ లేదని చెప్పారు కాబట్టి ఈమెయిల్ ప్రతిపాదనను వద్దనుకున్నాము. మా నంబరు ఇంకా రాలేదు. బయలుదేరే రోజు వరకూ రాకపోతే సామాను ట్యాగులు ఎలా?

తీరరేఖ

ట్యాగుల మీద ఓడ పేరు, ప్రయాణ తేదీ, మీ పేరు, బుకింగ్ నంబరు రాసి తీసుకువెళ్లండి. సూట్ నంబరు గడిని ఖాళీగా వదిలేయండి. టెర్మినల్ బయట సామాను తీసుకునేవారి దగ్గర ఆరోజు తాజా జాబితా ఉంటుంది, వారు చూసి రాస్తారు. వారి దగ్గరా లేకపోతే పెద్ద పెట్టెలను వారికి అప్పగించకుండా లోపలికి తీసుకువెళ్లి, చెక్-ఇన్ బల్ల దగ్గర నంబరు తెలిశాక ఇవ్వండి. మందులు, పాస్‌పోర్టులు ఎలాగూ చేతిసంచిలోనే ఉండాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మీ గ్యారంటీ బుకింగ్‌పై అప్‌గ్రేడ్ వేలంలో ఎప్పుడైనా పాట పాడి ఉంటే, దాన్ని ఇప్పుడే వెనక్కి తీసుకోండి. కంపెనీ ఆ పాటను అంగీకరించిన క్షణంలో మీ కార్డు మీద సొమ్ము పడుతుంది, సూట్ మారుతుంది. అమ్మానాన్నలకు దగ్గరగా అంతకుముందే నంబరు వచ్చి ఉన్నా అది పోతుంది.